ఆర్50 కొనాలా, ఆర్6 మార్క్ 2 కొనాలా: వైజాగ్‌లో వాడేవాళ్ల లెక్క

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. చేతిలో రెండున్నర లక్షలుంది, ఉండేది ఎంవీపీ కాలనీ. ఆదివారాలు బీచ్ రోడ్డులో సూర్యోదయం, చలికాలంలో అరకు, చుట్టాల పెళ్లిళ్లు తీస్తారు. వచ్చే ఏడాది నుంచి డబ్బు తీసుకుని పెళ్లిళ్లు చేద్దామనుకుంటున్నారు. కెనాన్ ఆర్50 కెమెరా కిట్ (బాడీ, చిన్న లెన్స్ కలిపి) కొనాలా, లేక ఒకేసారి ఆర్6 మార్క్ 2కి వెళ్లిపోవాలా, ఫొటోలో తేడా నిజంగా కనిపిస్తుందా అని అడిగారు.

పొద్దున ఆరున్నరకి ఆర్కే బీచ్‌లో ట్రైపాడ్ మీద ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకి ఎంత స్పందించాలో చెప్పే సెట్టింగు) 100లో తీస్తే తేడా కనిపించదు. రెండిట్లోనూ 24 మెగాపిక్సెళ్లే. ఫోన్‌లో చూసినా, 12x18 అంగుళాల ప్రింట్ వేసినా ఏది దేనిదో చెప్పడం కష్టం. నీడల్ని బాగా పైకి లాగితే ఆర్50లో కాస్త ముందుగా గింజ (నాయిస్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు) తేలుతుంది. అంతకుమించి ఏమీ లేదు. సూర్యోదయాలకే అయితే ఇక్కడితో ఆగి ఆర్50 కొనేయొచ్చు.

అసలు చిక్కు రాత్రి ముహూర్తాలతో వస్తుంది. దీన్ని అంకెల్లోనే చూడాలి, ఎందుకంటే చాలామంది డబ్బు తప్పు చోట పెట్టేది ఇక్కడే. ఆర్6 మార్క్ 2 ఫుల్ ఫ్రేమ్. దాని సెన్సర్ 36x24 మి.మీ., అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. ఆర్50 సెన్సర్ 22.3x14.9, అంటే దాదాపు 332. వైశాల్యంలో 2.6 రెట్లు తేడా. స్టాపుల్లో (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు) చెబితే ఒకటిన్నర స్టాపుకి కొంచెం తక్కువ. ఐఎస్ఓ 6400లో ఆర్6 ఇచ్చే గింజ, ఆర్50 దాదాపు 2500లో ఇచ్చే గింజతో సమానం. బాడీ వల్ల వెలుతురులో కలిసొచ్చేది ఇంతే.

ఇప్పుడు లెన్స్ సంగతి. ఆర్50తో వచ్చే 18-45 కిట్ లెన్స్ జూమ్ చేసిన చివర ఎఫ్ 6.3కి మూసుకుపోతుంది (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది). అదే బాడీకి 50 మి.మీ. ఎఫ్ 1.8 తగిలిస్తే 12 రెట్లకు పైగా వెలుతురు లోపలికొస్తుంది, అంటే మూడున్నర స్టాపులు. ఒక మండపంలో కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ 6400, షట్టర్ 1/30 దగ్గర ఎక్స్‌పోజర్ కుదిరిందనుకోండి. తలంబ్రాలు పోసే చేతులు 1/30లో మసకబారిపోతాయి. 50 ఎఫ్ 1.8 పెడితే అదే చోట 1/125, ఐఎస్ఓ 2000 వస్తుంది. ఆర్6 మార్క్ 2కి 24-70 ఎఫ్ 2.8 పెడితే 1/125కి ఐఎస్ఓ 5000 కావాలి. ఫుల్ ఫ్రేమ్‌లో 5000 గింజ, ఆర్50లో 2000 గింజ దాదాపు ఒకటే. వెనకాల మసక కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. ఒకవైపు లక్ష లోపు సామాను, మరోవైపు నాలుగు లక్షల దాపుల్లో సామాను. రెండోవైపు పెట్టిన డబ్బుకి మీకు దక్కేది జూమ్. ఉన్నచోటే నిలబడి పురోహితుడి నుంచి పెళ్లికూతురి ముఖం దాకా వెళ్లగలగడం పెళ్లిలో చిన్న విషయమేమీ కాదు. కానీ చిత్రం నాణ్యత వేరు, పని సౌకర్యం వేరు అని తెలిసి కొనాలి.

మీ బడ్జెట్‌లో పొంచి ఉన్న ప్రమాదం ఇంకొకటుంది. రెండు లక్షలకు పైగా బాడీకే పోతే మిగిలిన డబ్బుకి చాలామంది తెచ్చుకునేది 24-105 ఎఫ్ 4-7.1. అది జూమ్ చివర ఎఫ్ 7.1. ఎఫ్ 2.8తో పోలిస్తే ఆరు రెట్లకు పైగా తక్కువ వెలుతురు. పెద్ద సెన్సర్ ఇచ్చిన 2.6 రెట్లని అది తినేసి ఇంకా బాకీ పెడుతుంది. ఆర్50కి సిగ్మా కంపెనీ 18-50 ఎఫ్ 2.8 తగిలిస్తే, ఆ చివర దగ్గర చవక బాడీదే పైచేయి అవుతుంది. వైడ్ వైపు 24లో ఎఫ్ 4 కాబట్టి అక్కడ ఆర్6 కాస్త ముందుంటుంది. పెళ్లిలో ముఖాలు తీసేది మాత్రం జూమ్ చివరనే. మంచి బాడీ, నీరసం లెన్స్ అన్న జతని మాత్రం దయచేసి కొనకండి.

సిగ్మా 18-50 విషయంలో ఒక హెచ్చరిక. ఆ లెన్స్‌లో స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) లేదు, ఆర్50 బాడీలోనూ లేదు. 50 మి.మీ. దగ్గర ఈ బాడీలో 80కి సమానమైన చూపు వస్తుంది కాబట్టి చేత్తో పట్టుకుంటే 1/100 కంటే కిందికి దిగకండి. మాన్యువల్ మోడ్‌లో షట్టర్‌ని 1/125కి కట్టేసి, ఐఎస్ఓని ఆటోలో వదిలేయండి. షట్టర్‌ని కెమెరాకే వదిలేస్తే అది తనంతట తాను 1/60కి జారిపోతుంది. ఇంటికొచ్చి పెద్దగా చేసి చూసినప్పుడు ‘లెన్స్ షార్ప్‌గా లేదు’ అంటారు. తప్పు లెన్స్‌ది కాదు. ఆర్6 మార్క్ 2లో సెన్సరే కదిలి వణుకుని సర్దుతుంది, కాబట్టి బొర్రా గుహల్లాంటి చోట 1/8లో కూడా రాతి గోడని చేత్తో తీయొచ్చు. అయితే అది మీ చేతి వణుకునే ఆపుతుంది. సంగీత్‌లో గెంతుతున్న పిల్లల్ని ఆపదు.

ఎండలో ఇంకో సమస్య. మిట్టమధ్యాహ్నం రుషికొండ ఇసుకలో ఎఫ్ 1.8లో పోర్ట్రెయిట్ తీయాలంటే ఐఎస్ఓ 100లో దాదాపు 1/8000 కావాలి. ఆర్50లో పూర్తి మెకానికల్ షట్టర్ లేదు. ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్‌తో, అంటే తెరవడం ఎలక్ట్రానిక్‌గా, మూయడం మెకానికల్‌గా జరిగే షట్టర్‌తో, 1/4000 దగ్గరే ఆగిపోతుంది. పైగా ఈ తరహా షట్టర్‌లో వేగం బాగా పెంచి ఎపర్చర్ బాగా తెరిస్తే వెనకాల మసక గుండ్రాలు సగం కోసేసినట్టు వస్తాయి. మూడు స్టాపుల వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టుకుంటే షట్టర్ 1/1000కి దిగొస్తుంది, రెండు సమస్యలూ పోతాయి. ఫిల్టర్ లేకపోతే ఎఫ్ 2.8కి మూసి 1/3200లో తీయండి. ఆర్6 మార్క్ 2లో 1/8000 దాకా మెకానికల్ షట్టరే పనిచేస్తుంది.

డబ్బు తీసుకుని చేసే పనిలో ఆర్6ని వేరు చేసేవి ఫొటోలో కనపడనివే. మొదటిది రెండు కార్డులు. జీలకర్ర-బెల్లం, మాంగల్యధారణ మళ్లీ చేయించలేం. ఆర్50లో కార్డు ఒక్కటే. అది పాడైతే పెళ్లివాళ్లకి చెప్పుకోడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. ఆర్6 మార్క్ 2లో రెండు ఎస్‌డీ కార్డులకీ ఒకేసారి రాసేలా పెట్టొచ్చు. కొత్త బాడీ తీసుకోగానే మెనూలో అది ఆన్ చేయాలి, దానంతట అది రాయదు. రెండోది బఫర్, అంటే కార్డుకి రాసేలోపు ఫొటోలు ఆగే మెమరీ. ఆర్50 స్లాట్ యూహెచ్‌ఎస్-1 రకం, దాని గరిష్ఠ వేగం సెకనుకి 104 మెగాబైట్లు. మీరు ఎంత ఖరీదైన కార్డు పెట్టినా అంతకు మించదు. రా ఫైళ్లలో (కెమెరా మార్చని అసలు డేటా) వరసగా నొక్కితే సెకను తిరిగేసరికి నిండిపోయి కెమెరా బిగుసుకుపోతుంది. తలంబ్రాలప్పుడు వేలు నొక్కి ఉంచడం ఈ కెమెరాతో కుదరదు. సీ-రా (సైజు తగ్గించిన రా) పెట్టుకుని రెండు మూడు ఫ్రేముల చొప్పున తీయండి. ఆర్6లో యూహెచ్‌ఎస్-2, మెమరీ కూడా ఎక్కువ. ఆ ఇబ్బంది అరుదు.

తర్వాత డయళ్లు. ఆర్50లో వేలికి అందే డయల్ ఒక్కటే, ఫోకస్ పాయింట్ కదపడానికి జాయ్‌స్టిక్ లేదు. ఎపర్చర్, షట్టర్, ఐఎస్ఓ మూడూ మార్చాలంటే బటన్ నొక్కి, డయల్ తిప్పి, మళ్లీ నొక్కాలి. బీచ్‌లో తీరిగ్గా తీస్తున్నప్పుడు ఇది పట్టించుకోరు. పెళ్లికూతురు బుట్టలో వస్తుంటే, వీడియో వాళ్ల లైటు ఒక్కసారి ఆరిపోతే, ఆ రెండు సెకన్లే మీ జీతం. బ్యాటరీ కూడా సగమే. ఆర్50లో ఎల్‌పీ-ఇ17, 1040 ఎంఏహెచ్. ఆర్6లో ఎల్‌పీ-ఇ6ఎన్‌హెచ్, 2130 ఎంఏహెచ్. ఆర్50 కొంటే మరో రెండు ఒరిజినల్ బ్యాటరీలు అదే బిల్లులో రాయించుకోండి.

ఆటోఫోకస్ గురించి అమ్మేవాళ్లు చెప్పినంత తేడా లేదు. కన్ను పట్టుకోవడంలో రెండిట్లోనూ కెనాన్ డ్యూయల్ పిక్సెల్ ఆటోఫోకస్ రెండో తరమే. చీకట్లో తేడా బయటపడుతుంది. కాగితం మీద ఆర్50 మైనస్ 4 ఈవీ (ఈవీ వెలుతురు కొలత, అంకె ఎంత కిందికైతే అంత చీకటి) దాకా, ఆర్6 మార్క్ 2 మైనస్ 6.5 దాకా. అవి ఎఫ్ 1.2 లెన్స్‌తో కొలిచిన అంకెలు. ఎఫ్ 6.3 కిట్ లెన్స్‌తో దానికి దరిదాపుల్లోకి కూడా రాదు. ఫోకస్ వెతుక్కుంటోందని కెమెరాని తిట్టుకునేముందు లెన్స్ మీద అంకె చూడండి.

ఎల్ఈడీ లైట్ల చారలు రెండు కెమెరాలకీ వస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపాలు సెకనుకి వందసార్లు మిణుకుతాయి. 1/100 లేదా 1/50లో తీస్తే ఆ మిణుకు మొత్తం ఒక ఫ్రేములో ఇమిడిపోయి చార పడదు. హాల్లోకి వెళ్లగానే 1/500లో నాలుగు ఫ్రేములు తీసి వెనక స్క్రీన్‌లో చూడండి. చారలుంటే 1/100కి దిగండి. స్టేజి వెనక ఎల్ఈడీ తెర, డిమ్మర్‌తో తగ్గించిన అలంకరణ లైట్లు మాత్రం ఈ లెక్కకి లొంగవు, అవి ఇంకా చాలా వేగంగా మిణుకుతాయి. ఆర్6 మార్క్ 2లో షట్టర్‌ని దశాంశాల్లో సరిదిద్దే సదుపాయం ఉంది, చారలు పోయేదాకా తెరని చూస్తూ తిప్పుకోవచ్చు. రెండిట్లో దేనితోనైనా పెళ్లి హాల్లో పూర్తి ఎలక్ట్రానిక్ షట్టర్, అంటే సైలెంట్ మోడ్, వాడకండి. చారలు ఇంకా ఎక్కువవుతాయి, కదిలే చేతులు వంకరపోతాయి.

ఫ్లాష్ ఉన్నవాళ్లు, ట్రిగర్ ఉన్నవాళ్లు దాన్ని షాపుకి పట్టుకెళ్లి ఆర్50 మీద పెట్టి వెలిగించి చూడాలి. దీని షూ, అంటే పైన ఫ్లాష్ బిగించే గాడి, కొత్త తరహాది. పాత ఫ్లాష్‌లకి ఏడీ-ఇ1 అడాప్టర్ కావాల్సి రావచ్చు, కొన్ని చవక ట్రిగర్లు దానితోనూ పలకకపోవచ్చు. కొన్నాక తెలిస్తే చిరాకు.

ఇక మన ఊరి సంగతి. వైజాగ్‌లో కెమెరాని చంపేది వాన కాదు, ఉప్పుగాలి, చెమ్మ. ప్రొఫెషనల్ బాడీకి వెదర్ సీలింగ్ ఉంటుంది కాబట్టి నిశ్చింత అనుకుంటారు. ఆర్6 మార్క్ 2 బాడీకి సీలింగ్ ఉన్న మాట నిజమే. కానీ లెన్స్ వెనక మౌంటు చుట్టూ రబ్బరు రింగు ఉంటేనే అది పూర్తవుతుంది. కెనాన్‌లో అది ప్రధానంగా ఎల్ సిరీస్ (ఖరీదైన వరస) లెన్సులకి ఉంటుంది. 50 ఎఫ్ 1.8కి లేదు, 24-105 ఎఫ్ 4-7.1కి లేదు. సీలింగ్ బాడీకి రింగు లేని లెన్స్ పెడితే, తలుపులన్నీ వేసి కిటికీ తెరిచినట్టే. ఆర్50కి అసలు సీలింగే లేదు. కెరటాలు రాళ్లకి కొట్టే చోట, తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గర, ఏ కెమెరా అయినా వాన కవరు వేసుకునే తీయండి.

సముద్రం మీంచి గాలి వీచే రోజుల్లో కొద్దిసేపటికే లెన్స్ ముందు సన్నటి ఉప్పు తుంపర పేరుకుంటుంది. ఫొటో పాలిపోయినట్టు, సూర్యుడి చుట్టూ మబ్బు కమ్మినట్టు వస్తుంది. చాలామంది దాన్ని చవక లెన్స్ లోపం అనుకుంటారు. ముందు ఒక మంచి యూవీ ఫిల్టర్ పెట్టుకుని, మధ్యమధ్యలో ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి చూడండి. తుడిచేముందు బ్లోయర్‌తో ఊదండి. ఇసుక రేణువు మీద గుడ్డ పెట్టి రుద్దితే గీత పడుతుంది. ఇంటికొచ్చాక మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో బాడీ, లెన్స్ బయట తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టాలి. ఉత్త పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పు కరగదు, స్క్రూల సందుల్లోకి, హాట్ షూలోకి చేరి తుప్పు పట్టిస్తుంది. ఇసుకలో నిలబడి లెన్స్ మార్చకండి. రోడ్డు ఎక్కి కారులో కూర్చుని మార్చండి.

ఏసీ గది నుంచి నేరుగా బీచ్‌కి వెళ్లినప్పుడు అద్దం మీద ఆవిరి కమ్మడం ఇంకో తలనొప్పి. ఎండాకాలంలో ఇక్కడి గాలిలో ఎంత చెమ్మ ఉంటుందంటే 26 డిగ్రీల దగ్గరే నీరు కట్టడం మొదలవుతుంది. 23లో పెట్టిన ఏసీ గదిలో రాత్రంతా ఉన్న కెమెరా దానికంటే చల్లగా ఉంటుంది. బయట తీసిన క్షణంలో చెమట పట్టేస్తుంది, సెన్సర్ మీద కూడా. సీలింగ్ దీన్ని ఆపదు. బ్యాగు జిప్ వేసే ఉంచి, బయల్దేరడానికి ముప్పావుగంట ముందు ఏసీ లేని గదిలో పెట్టండి. ఆవిరి కమ్మితే తుడవకుండా, లెన్స్ ఊడదీయకుండా వదిలేయండి. దానంతటదే పోతుంది. అరకు చలిలోంచి కిందికి దిగేటప్పుడూ ఇదే జాగ్రత్త.

ఫంగస్ ఈ ఊళ్లో లెన్సుల పెద్ద శత్రువు. గాలిలో తేమ 60 శాతం దాటి అలాగే ఉంటే అద్దం లోపల సాలెగూడు అల్లుకుంటుంది. తోలు కవర్లో, బీరువాలో బట్టల మధ్య పెట్టడం దానికి విందు. డ్రై క్యాబినెట్ కొని 40-50 శాతం దగ్గర పెట్టండి. 30 కిందికి దించొద్దు, రబ్బరు, గ్రీజు ఎండిపోతాయి. క్యాబినెట్ ఇప్పుడే వద్దనుకుంటే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అరకిలో సిలికా జెల్, చిన్న హైగ్రోమీటర్ చాలు. జెల్ రంగు మారగానే వేడిచేసి మళ్లీ వేయాలి. మారిపోయిన జెల్ ఉన్న డబ్బా చెమ్మని లోపలే దాచిపెడుతుంది. కెమెరాని తరచూ బయటికి తీసి వాడటం కూడా మందే.

చవక బాడీ గెలిచే చోటు కూడా ఉంది. కొండకర్ల ఆవలో పక్షులు, నేవీ విన్యాసాల్లో విమానాలు తీయాలంటే, ఆర్50 మీద 100-400 ఎఫ్ 5.6-8 లెన్స్ 640 దాకా చూపిస్తుంది, 24 మెగాపిక్సెళ్లూ దక్కుతాయి. ఆర్6 మార్క్ 2లో అదే కోణానికి కత్తిరిస్తే మిగిలేది 9 మెగాపిక్సెళ్ల చిల్లర. వెలుతురు బాగున్న పొద్దుల్లో ఇది నిజమైన లాభం. హెలికాప్టర్‌కి మాత్రం ఎలక్ట్రానిక్ షట్టర్ వద్దు, రెక్కలు అరటిపండులా వంగిపోతాయి. ఫస్ట్ కర్టెన్‌లోనే ఉంచి 1/200 దగ్గర తీస్తే రెక్కలు తిరుగుతున్నట్టు వస్తాయి. మరో మాట: ఇక్కడి విమానాశ్రయం నేవీది, డాల్ఫిన్స్ నోస్ చుట్టూ నేవీ ప్రాంతమే. బోర్డులున్న చోట కెమెరా పైకెత్తకండి, ఎంత చిన్న కెమెరా అయినా.

వీడియో మీ ప్రశ్నలో లేదు కాబట్టి రెండు ముక్కలు. ఆర్50 4కే 30 ఫ్రేములు బాగా తీస్తుంది, కానీ హెడ్‌ఫోన్ జాక్ లేదు, సీ-లాగ్ 3 (రంగులు తర్వాత సరిదిద్దుకోడానికి వీలైన మోడ్) లేదు, ఒక క్లిప్పు గంటకే ఆగిపోతుంది. ఆర్6 మార్క్ 2లో 4కే 60 ఫ్రేములు, హెడ్‌ఫోన్ జాక్, సీ-లాగ్ 3 ఉన్నాయి, క్లిప్పు గంట దాటి కూడా సాగుతుంది. పెళ్లి వీడియో కూడా మీరే చేస్తానంటే లెక్క ఆర్6 వైపు మొగ్గుతుంది.

ఇప్పుడు రెండున్నర లక్షలు. నేనైతే ఆర్50, సిగ్మా 18-50 ఎఫ్ 2.8, కెనాన్ 50 ఎఫ్ 1.8, ఒక టీటీఎల్ (వెలుతురు తానే కొలుచుకునే) ఫ్లాష్, అదనంగా రెండు బ్యాటరీలు, రెండు మంచి కార్డులు, డ్రై క్యాబినెట్ రాస్తాను. పండగ ఆఫర్లకి ధరలు అటూ ఇటూ అయినా అన్నీ కలిపి రెండు లక్షల లోపే తేలాలి. మిగిలింది కదపకండి. మొదటి డబ్బు పెళ్లి ఒప్పుకున్న రోజున ఆర్6 మార్క్ 2, 24-70 ఎఫ్ 2.8 రెండూ అద్దెకి తెచ్చుకోండి. మీ ఆర్50కి 50 తగిలించి రెండో బాడీగా మెడలో వేసుకోండి. డబ్బు తీసుకున్న పెళ్లికి ఒక్క బాడీతో వెళ్లడం, అది ఎంత ఖరీదైనదైనా సరే, ప్రొఫెషనల్ పని కాదు. ఆర్6 ఒక్కటే కొన్నా మీకు రెండోది కావాల్సిందే. బుకింగులు వరసగా పడి అద్దె భారమనిపించినప్పుడు ఆర్6 కొనండి. అప్పటికి మీకు ఏది అడ్డొస్తోందో చేతులే చెబుతాయి. ఇప్పటికే సీజన్‌కి అడ్వాన్సులు తీసుకుని ఉంటే మాత్రం ఇదంతా వదిలేసి, కొంచెం అప్పయినా సరే ఆర్6కి, దానికి తగ్గ ఎఫ్ 2.8 లెన్స్‌కి వెళ్లండి.

పైకెళ్లేటప్పుడు సిగ్మా 18-50 పనికిరాదన్నది ముందే తెలుసుకోండి. అది క్రాప్ సెన్సర్, అంటే ఆర్50 లాంటి చిన్న సెన్సర్, కోసం చేసిన లెన్స్, ఆర్6 మీద పెడితే పైన చెప్పిన 9 మెగాపిక్సెళ్లే వస్తాయి. 50 ఎఫ్ 1.8 మాత్రం రెండిటికీ పనిచేస్తుంది. ఫుల్ ఫ్రేమ్‌కి ఎల్ సిరీస్ 24-70 భారమనిపిస్తే 28-70 ఎఫ్ 2.8 ఎస్‌టీఎం ఉంది, బరువు 500 గ్రాముల లోపే. 24-70 ఎల్ 900 గ్రాములు. బాడీతో కలిపి కిలోన్నర దాటుతుంది. ముహూర్తం తెల్లవారుజామున అయితే ఆ తేడా మణికట్టుకి తెలుస్తుంది.

బిల్లు జీఎస్టీతో, సీరియల్ నంబరు రాయించి తీసుకోండి. కంపెనీ ద్వారా కాకుండా వచ్చిన దిగుమతి సరుకు పదివేలు తక్కువకి ఇస్తామంటారు, దానికి ఇక్కడ కంపెనీ వారంటీ ఉండదు. షాపులోనే ఇటుక గోడని ఎదురుగా నిలబడి ఎఫ్ 2.8లో తీసి నాలుగు మూలలూ పెద్దగా చేసి చూడండి. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే ఆ లెన్స్ వద్దని ఇంకోటి తీయమనండి. వాడిన లెన్స్ కొంటే, ముఖ్యంగా బీచ్ పక్క ఇళ్లలోంచి వచ్చినదైతే, రెండు మూతలూ తీసి వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి.  నాలుగు దుమ్ము చుక్కలు ఫర్వాలేదు, ఫొటోలో రావు. సన్నటి దారాల్లా, చెట్టు వేళ్లలా పాకి ఉంటే అది ఫంగస్. ధర సగానికి తగ్గించినా తీసుకోకండి. శుభ్రం చేయించాక కూడా కోటింగ్ మీద మచ్చ మిగలొచ్చు, మన చెమ్మలో మళ్లీ లేవొచ్చు కూడా.